శివారు ఇంటికి బొమ్మ

తీరంలో తీగలు: 9వ భాగం

కాలువ కింద సేద్యం చేసినవాళ్ళకి శివారు అనే మాట విడమరిచి చెప్పక్కర్లేదు. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అయినా కాలువలకి నీళ్ళు వదిలారని పేపర్లో చదివిన రోజున చల్లపల్లి బోదెల్లో నీళ్ళుండవు. ఇంకా కిందనున్న కోడూరు, నాగాయలంక చేలల్లో అసలే ఉండవు. పైనున్న తూములన్నీ తాగగా మిగిలింది కిందికి దిగాలి. లష్కరు సైకిలేసుకుని గట్టు మీద తిరిగి, ఎవరి వంతు ఎప్పుడో చూసి, పై తూము దించితేనే కింది చేనుకి నీళ్ళెక్కుతాయి. నారు ఎండిపోయిన వారానికి వచ్చే నీళ్ళు ఎన్ని వస్తేనేం?

ఈ భాగంలో చెప్పేది నీళ్ళ గురించి కాదు, బొమ్మ గురించి. టీవీలో కనిపించేదాన్ని మా వైపు బొమ్మ అనే అంటారు. "బొమ్మ వస్తోందా?" "వస్తోంది గానీ మాట రావట్లేదు." గత నలభై ఏళ్ళుగా చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఈ రెండు ముక్కలు వినపడని ఇల్లు లేదు. బొమ్మని ఊరిదాకా తేవడం ఎప్పుడూ అంత కష్టం కాలేదు. ఊళ్ళోకి వచ్చినదాన్ని చివరి వీధిలో చివరి ఇంటికి, చెడకుండా, సమయానికి చేర్చడమే కష్టమైంది. ఆ కష్టం శివారు రైతుకి తెలిసినంత బాగా ఏ ఇంజనీరుకీ తెలియదని నా నమ్మకం.

మొదట్లో బొమ్మ గాలిలో వచ్చింది. కొండపల్లి కొండ మీది దూరదర్శన్ టవరుకీ చల్లపల్లికీ మధ్య ఇంచుమించు 70 కిలోమీటర్లు. అంత దూరంలో భూమి వంపే అడ్డం తగులుతుంది. అందుకే మా ఊళ్ళో యాంటెనాలు ఇనప గొట్టాల మీద కొబ్బరిచెట్లతో పోటీ పడేవి. ఆదివారం సాయంత్రం సినిమా వేళకి నాన్న డాబా మీద గొట్టం పట్టుకుని తిప్పేవారు, నేను కిటికీ దగ్గర నిలబడి చెప్పేవాణ్ణి. "కొంచెం గుడివైపు తిప్పండి నాన్నా... ఆగండి ఆగండి... పోయింది." గాలి మారితే మళ్ళీ ఎక్కాల్సిందే.

1991లో గల్ఫ్ యుద్ధం, ఆసియాశాట్ ఉపగ్రహం మీద స్టార్ టీవీ, మరుసటేడు జీ, 1995లో జెమిని, ఈటీవీ. ఈ వరసంతా అందరికీ తెలిసిందే, ఇక్కడ ఆగను. ఆగాల్సింది ఊళ్ళో వెలసిన కంట్రోల్ రూమ్ దగ్గర. డాబా మీద పెద్ద డిష్షులు, కింద చీకటి గదిలో రిసీవర్లు, ఒక్కో రిసీవరుకి ఒక్కో మాడ్యులేటరు, ఓ మూల వీసీఆర్. ఆ గదిలోంచి ఒకటే నల్లటి తీగ బయటికొచ్చి, కరెంటు స్తంభాల మీద ఎక్కి, సెంటరు దాటి, వీధి వీధికీ చీలి, ఇంటింటికీ దిగేది. మనం ఇప్పుడు లోకల్ ఏరియా నెట్‌వర్క్ అని కంప్యూటరువాళ్ళ పరిభాషలో చెప్పుకునేదానికి మా ఊరి మొదటి రూపం అదే. ఊరి పొలిమేర దాటని తీగల వల, దానికో సొంత ఛానెల్. ఆ లోకల్ ఛానెల్లో రాత్రికి కొత్త సినిమా, కింద స్క్రోలింగులో ఎవరింట్లోనో పెళ్ళికి శుభాకాంక్షలు, ఎవరికో కన్నీటి నివాళి, ఫలానా చోట గేదె తప్పిపోయిందన్న కబురు. దిల్లీ, హైదరాబాద్ ఛానెళ్ళలో ఎన్నడూ కనపడని మా ఊరు, అందులో రోజూ కనపడేది.

ఆ నల్ల తీగ పేరు కోయాక్సియల్. మధ్యలో రాగి, చుట్టూ తెల్లటి నురుగు ప్లాస్టిక్, దాని మీద అల్లిక జాలీ. ఇళ్ళలోకి దిగే సన్నరకం తీగలో 100 మీటర్లు పోయేసరికి పై ఛానెళ్ళ బలం నూరో వంతుకి పడిపోతుంది. కింది ఛానెళ్ళు అంతగా తగ్గవు. తీగ గుణమే అంత, పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఎక్కువ తాగేస్తుంది. అందుకే వీధి చివరి ఇంట్లో దూరదర్శన్ నిక్షేపంగా వచ్చేది, పిల్లలకి కావాల్సిన పై నంబరు ఛానెళ్ళలో చుక్కలు పడేవి. దానికి మందుగా నడుమ నడుమ యాంప్లిఫయర్లు పెట్టేవారు. యాంప్లిఫయరు బొమ్మనొక్కదాన్నే పెంచదు, దానితో పాటు వచ్చిన రొదనీ పెంచుతుంది, తన రొద కొంత కలుపుతుంది. ఆరో ఏడో యాంప్లిఫయరు దాటిన ఇంటికి చేరేది, ఆరేడుగురు చెవిలో ఊదగా చేరిన కబురు లాంటిదే.

ఇంకో చిక్కుంది. ఆ యాంప్లిఫయర్లకి కరెంటు కావాలి. 2003 మార్చి 23, ప్రపంచకప్ ఫైనల్. మా వీధిలో కరెంటుంది. టీవీ వెలుగుతోంది. ఆస్ట్రేలియా బ్యాటింగ్ నడుస్తుండగా బొమ్మ ఉన్నట్టుండి పోయింది. తిరిగి తిరిగి తెలుసుకున్నదేమిటంటే, వెనక వీధికి కరెంటు పోయింది, మాకొచ్చే తీగ ఆ వీధి యాంప్లిఫయరు మీదుగా వస్తుంది. పైన గట్టు తెగితే కిందివాడి చేను ఎండినట్టు. ఆ రోజు ఇంటింటి మగవాళ్ళూ మడత మంచాలు తీసుకుని సెంటరులోని ఓ కొట్టు ముందు చేరారు. మ్యాచ్ ఎలాగూ ఓడిపోయాం. కానీ ఆ బొమ్మ అక్కడ పోవడానికి కారణం ఏమిటన్న ఆరా మాత్రం నన్ను వదల్లేదు. ఈ ధారావాహిక రాయడానికి ఆ సాయంత్రం కూడా ఒక మూలం.

తీర గ్రామాల్లో ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. నాగాయలంక వైపు ఇనప వస్తువేదైనా ఏళ్ళ తరబడి నిలవదు. కేబుల్ చివర బిగించే కనెక్టరులోకి చెమ్మ దిగి, రాగి పచ్చబడితే ఆ ఇంట్లో బొమ్మ సన్నగిల్లేది. కేబుల్ అబ్బాయి వచ్చి బ్లేడుతో తీగ చివర అంగుళం కోసి, కొత్త కనెక్టరు బిగించి పోయేవాడు. మళ్ళీ వానాకాలానికి అదే పని. ప్రతి కోతకీ తీగ అంగుళం పొట్టిదయ్యేది.

సరే, ఈ కథలో రెండో పాయ కంప్యూటరు తీగది. అది పుట్టిన చోటు అమెరికా. 1973 మేలో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్ ఒక మెమో రాశాడు. ఒకే కోయాక్సియల్ తీగకి చాలా కంప్యూటర్లు తగిలించి, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు మాట్లాడుకునే ఏర్పాటు. దాని పేరు ఈథర్‌నెట్. తీగ మీద ఇంకెవరూ మాట్లాడటం లేదని చూసుకుని మొదలెట్టాలి. ఇద్దరు ఒకేసారి మొదలెడితే రెండు మాటలూ చెడతాయి, ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంత సేపు వాళ్ళు వేచి, మళ్ళీ ప్రయత్నించాలి. ఉత్తరం పంపడానికి ఇది దివ్యంగా పనిచేసింది. అర సెకను ఆలస్యమైతే ఉత్తరానికి పోయేదేమీ లేదు.

బొమ్మకీ మాటకీ అలా కుదరదు. వీడియో అంటే సెకనుకి పాతికో ముప్ఫయ్యో పటాలు. వాటిని ముక్కలు చేసి, పొట్లాలు కట్టి పంపుతారు, వాటినే ప్యాకెట్లంటారు. నడుమ ఓ పొట్లం పోతే, ఉత్తరాల పద్ధతిలో మళ్ళీ పంపమని అడగొచ్చు. కానీ అది తిరిగొచ్చేసరికి ఆ పటం చూపాల్సిన క్షణం దాటిపోతుంది. నారు ఎండాక వచ్చిన నీళ్ళ సామెతే. కాబట్టి బొమ్మ నడిచే దారిలో మూడు రకాల జాగ్రత్తలు అవసరమయ్యాయి. అవతలి పక్క కొన్ని క్షణాల బొమ్మని ముందే నిల్వ చేసుకోవడం ఒకటి, దాన్నే బఫర్ అంటారు, చెరువు లాంటిది. పోయిన ముక్కని మళ్ళీ అడక్కుండా మిగతావాటి నుంచే లెక్కగట్టుకునేలా కొన్ని అదనపు ముక్కలు కలిపి పంపడం ఇంకొకటి. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లోనే ఆ లెక్క చేసి పెట్టారు. ప్రతి పొట్లం మీద వరస నంబరు, చూపాల్సిన వేళ రాయడం మూడోది, 1996లో ఆర్‌టీపీ అనే పేరుతో అదొక ఒప్పందమైంది.

నాకు ముచ్చటగా అనిపించే లెక్కొకటి ఉంది. డిజిటల్ టీవీ బొమ్మ ప్రయాణించే చిన్న పొట్లం 188 బైట్లు. అలాంటివి ఏడు కలిపితే 1,316 బైట్లు. ఈథర్‌నెట్ ఒక విడతలో మోయగలిగింది 1,500. ఎనిమిది పెడితే పట్టవు, ఆరు పెడితే చోటు దండగ. ఇవాళ ఫైబరు మీద ఐపీటీవీ చూస్తున్న ఇంటింటికీ బొమ్మ ఎక్కువగా ఈ ఏడేసి పొట్లాల మూటలుగానే దిగుతోంది. ఒక్క మూట జారిపోతే తెర మీద గళ్ళు పడతాయి, తర్వాతి నిండు పటం వచ్చేదాకా ఆ గళ్ళు పోవు. పాత కేబుల్లో చుక్కలు పడ్డా మనిషి మొహం ఆనవాలు తెలిసేది. డిజిటల్లో ఉంటే అద్దంలా ఉంటుంది, లేకపోతే అసలే ఉండదు.

మన జిల్లాలో కంప్యూటరు తీగ మీద బొమ్మ తొలిసారి అందరి నోళ్ళలో నానింది 1990ల చివర. అప్పటి ప్రభుత్వం సచివాలయం నుంచి జిల్లా కేంద్రాలకి 2 మెగాబిట్ల లైన్లు వేసింది. ఏపీస్వాన్ అన్నారు. జిల్లా కేంద్రమైన మచిలీపట్నం కలెక్టరేటుకీ అది వచ్చింది. ముఖ్యమంత్రి హైదరాబాద్‌లో కూర్చుని బందరులో కలెక్టరుతో ముఖాముఖి మాట్లాడుతున్నారంటే ఊళ్ళలో వింతగా చెప్పుకునేవారు. ఆ బొమ్మ పడిపోకుండా నిలబడిందంటే కారణం, అది ఎవరితోనూ పంచుకోని దారి. 2 మెగాబిట్ల లైనంటే 30 మంది ఫోన్లో మాట్లాడుకునేంత దారి, దాన్ని ఒక సంభాషణకి కట్టబెట్టారు. రాజావారి చేనుకి సొంత కాలువ ఉన్నట్టు. ఊళ్ళో 5,000 ఇళ్ళకి అలాంటి కాలువలు తవ్వలేం.

అందుకే నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు నూజివీడు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మూడు చోట్ల మొదలైంది, నూజివీడు, ఇడుపులపాయ, బాసర. నూజివీడు అప్పుడు కృష్ణా జిల్లాలోదే. పదో తరగతి మార్కులు చూసి పల్లె బడుల పిల్లల్ని తీసుకున్నారు, ఆరేళ్ళ చదువు, చేతికో ల్యాప్‌టాప్. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వెళ్ళారు. తొలి కులపతి రాజ్ రెడ్డి, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటరుకి మాట వినడం నేర్పే పని చేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవాడు. వేల మంది పిల్లలకి సరిపడా అనుభవమున్న అధ్యాపకులు ఒక్క రోజులో దొరకరు. కాబట్టి పాఠాల్ని వీడియోలుగా ముందే తీసి, క్యాంపస్ నెట్‌వర్కు మీద తరగతి గదుల్లోకీ ల్యాప్‌టాప్‌లలోకీ పంపి, పక్కన మెంటర్లు ఉండి సందేహాలు తీర్చే పద్ధతి పెట్టారు.

దీని బరువు లెక్కేసి చూడండి. 2,000 మంది పిల్లలు రాత్రి చదువు వేళ ఒకేసారి వీడియో తెరిచారనుకుందాం. తలకి ఒక మెగాబిట్ వేసుకున్నా 2 గిగాబిట్లు. అంత నీరు బయటి ఇంటర్నెట్ కాలువ నుంచి తెచ్చుకోవడం 2008లో మన వైపు ఊహకి కూడా అందని సంగతి. పాఠం క్యాంపస్‌లోనే సర్వరులో ఉంటే ఆ 2 గిగాబిట్లూ ప్రహరీ దాటక్కర్లేదు. లోపలి స్విచ్చులు మోస్తే చాలు. ఈథర్‌నెట్‌కి స్విచ్చు అనే పరికరం 1990లో వచ్చింది, తెచ్చిన కంపెనీ పేరు కల్పన. స్విచ్చు వచ్చాక అందరూ ఒకే తీగ మీద గుంపుగా అరుచుకునే బాధ తప్పి, ఎవరి దారి వాళ్ళకి ఏర్పడింది. చెరువు ఊళ్ళోనే ఉంటే ఆనకట్ట మీద చూపు పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. పల్లెటూరి ప్రభుత్వ బడిలో చదివిన ఒక పిల్ల, అర్థం కాని చోట పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, నాలుగుసార్లు వినగలగడం చిన్న సంగతి కాదు. బళ్ళో మాస్టారిని నాలుగుసార్లు అడగడానికి నోరు పెగలని పిల్లలం మనమంతా.

ఊళ్ళకి వద్దాం. ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ 2015లో ఏర్పడింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబరు ఇచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో పథకాన్ని ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయల నుంచి టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఒకే తీగలో. తీగని నేలలో పాతకుండా కరెంటు స్తంభాల మీదే లాగారు, సబ్‌స్టేషన్లలో యంత్రాలు పెట్టారు. డెల్టా నేలలో గోతులు తవ్వడమంటే అడుగడుక్కీ కాలువ, బోదె, చేపల చెరువు. స్తంభాలు ఎలాగూ అన్ని ఊళ్ళకీ ఉన్నాయి. ఊళ్ళో ఇంటింటికీ దించే పని పాత కేబుల్ ఆపరేటర్లకే దక్కింది. బ్లేడుతో కోయాక్సియల్ కోసిన చేతులే ఫైబరు అతకడం నేర్చుకున్నాయి.

ఒకే ఫైబరు మీద 250 ఛానెళ్ళు, అన్ని ఇళ్ళకీ ఆగకుండా ఎలా వస్తాయి? ఇంటికొక ప్రతి చొప్పున పంపితే 5,000 ఇళ్ళకి, ఒక్కో బొమ్మకి 3 మెగాబిట్లు వేసుకున్నా, 15 గిగాబిట్లు కావాలి. ఏ ఊరి యంత్రమూ అంత మోయదు. దీనికి విరుగుడు స్టాన్‌ఫర్డ్‌లో స్టీవ్ డీరింగ్ ఆలోచించాడు, 1989కి అది నిబంధనగా వెలువడింది. మల్టీకాస్ట్ అంటారు. ఎంతమంది చూస్తున్నా పైనుంచి ఒకటే ప్రతి దిగుతుంది. దారి చీలిన చోట మాత్రమే రెండవుతుంది, అదీ ఆ పాయ కింద అడిగినవాళ్ళుంటేనే. 1992 మార్చిలో శాన్ డియాగోలో జరిగిన ఇంజనీర్ల సమావేశపు మాటల్ని ఇదే పద్ధతిలో ప్రపంచంలోని 20 చోట్లకి వినిపించారు. ఇప్పుడు మనం రిమోట్ నొక్కి ఛానెల్ మార్చినప్పుడల్లా పెట్టె పైకి ఒక చిన్న కబురు పెడుతుంది, 'ఈ బొమ్మ ఆపండి, ఆ బొమ్మ నాకూ ఇవ్వండి' అని. ఆ ఛానెల్ పక్కింట్లో ఎవరైనా చూస్తుంటే పైనుంచి కొత్తగా తేవాల్సిందేమీ లేదు. 250 ఛానెళ్ళూ కలిపినా 750 మెగాబిట్లు. ఫైబరు యంత్రం కిందికి పంపగలిగింది దాదాపు 2.5 గిగాబిట్లు.

కింది నుంచి పైకి పోయే దారిలో మాత్రం వంతులే. 32 ఇళ్ళో 64 ఇళ్ళో ఒకే ఫైబరు పంచుకుంటాయి. వాళ్ళందరి వెలుగూ ఒకేసారి పైకెళ్తే కలగాపులగమైపోతుంది. అందుకని పై యంత్రం ఒక్కో ఇంటికి సెకనులో అతి చిన్న భాగం వంతు ఇస్తుంది, నీ వంతులోనే మాట్లాడాలని. సైకిలెక్కని లష్కరన్నమాట. ఆ యంత్రం వంతుల్ని అవసరాన్ని బట్టి మారుస్తుంది కూడా. ఎక్కువ పంపాల్సినవాడికి కాస్త ఎక్కువ, నిద్రపోతున్న ఇంటికి తక్కువ. మన కాలువల మీద ఆ మాత్రం న్యాయం రోజూ జరిగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

నడుమ యాంప్లిఫయరు అక్కర్లేకపోవడం ఫైబరు చేసిన పెద్ద మేలు. స్ప్లిటరు అరచేతిలో పట్టే గాజు చీలిక, దానికి కరెంటు వద్దు. వెనక వీధిలో కరెంటు పోయినా మన బొమ్మ పోదు. గాజుకి తుప్పు లేదు, ఉప్పుగాలి దాన్నేమీ చేయదు. కానీ స్తంభాల మీద ఉన్న తీగ స్తంభంతో పాటే పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒరిగిన స్తంభం కరెంటునీ బొమ్మనీ కలిపే తీసుకుపోతుంది. నేలలో పాతి ఉంటే ఖర్చు ఎన్నో రెట్లయ్యేది, ఆ ఖర్చుకి జడిసి ఉంటే ఫైబరు మన ఊళ్ళకి ఇంకో పదేళ్ళకైనా వచ్చేది కాదేమో. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టలేను. తుఫాను వార్త అన్నిటికంటే అవసరమైన రాత్రే బొమ్మ పోవడం మాత్రం గుండెలో ముల్లులా ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి దివిసీమకి కబురు అందక ఏం జరిగిందో తెలిసిన నేల ఇది.

ఆ మధ్య వానలు వెలిశాక మా వీధి చివర తెగిన ఫైబరు అతుకుతుంటే దగ్గర నిలబడి చూశాను. స్కూటరు సీటు మీద గుడ్డ పరిచి, దాని మీద చిన్న పెట్టె లాంటి స్ప్లైసింగ్ మెషిన్ పెట్టాడు కుర్రాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ పోగులు విడదీసి, కావాల్సినదాని పూత ఒలిచి, స్పిరిటులో తడిపిన దూదితో తుడిచాడు. లోపలి గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. నడుమ వెలుగు నడిచే దారి అందులోనూ పద్నాలుగో వంతు ఉంటుందంతే. కొసలు రెండూ మెషిన్లో పెట్టి మూత వేయగానే చిన్న తెర మీద అవి దూలాల్లా కనిపించాయి, తమంతట తామే జరిగి ఎదురెదురుగా నిలిచాయి, తళుక్కున ఒక మెరుపు, అతుకు పడింది. తెర మీద నష్టం 0.02 డెసిబెల్ అని చూపింది. అతుకు మీదికి సన్నటి గొట్టం జరిపి వేడి చేశాడు.

చివరి ఇంట్లో పవర్ మీటరు పెడితే మైనస్ 26 వచ్చింది. మైనస్ 27 దాకా పనిచేస్తుంది, పెట్టె మీది ఎర్ర లైటు ఆరిపోయింది కూడా. ఇంటావిడ టీవీ పెట్టి, "బొమ్మ వచ్చింది బాబూ, ఇంక చాల్లే, టీ తాగి వెళ్ళు" అంది. కుర్రాడు కదల్లేదు. "ఇప్పుడొచ్చిందమ్మా, రేపు ఎండకి తీగ సాగితే పోద్ది," అంటూ గోడ పక్క తీగని వెతికాడు. కిటికీ చట్రం దగ్గర మేకుకి చుట్టి మరీ బిగువుగా వంచారెవరో. వెలుగు ఆ వంపు దగ్గర కారిపోతోంది. మేకు పీకి, తీగని వెడల్పుగా తిప్పి, మళ్ళీ మీటరు పెట్టాడు. మైనస్ 21. అప్పుడు టీ తాగాడు.

వచ్చే భాగంలో మచిలీపట్నం తుఫాను రాడారు.

(సశేషం)